కేసు కాగితంలో లేని మాట

ఆ కాగితం మీద అది పదకొండో ప్రశ్న. 'మీ కుటుంబంలో ఎవరికైనా మానసిక సమస్యలు ఉన్నాయా?' పక్కన రెండు గళ్ళు. ఉన్నాయి, లేవు. నేను రెండో గడిలో టిక్కు పెట్టి కాగితం తిరిగి ఇచ్చేశాను.

నేను సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని. స్త్రీల ఆత్మకథల మీద ఆరేళ్ళు పనిచేశాను. వాళ్ళు చెప్పకుండా దాటేసిన చోట్లను వెతికి పట్టుకుని, ఆ మౌనం వెనక ఏముందో విప్పి చూపిస్తూ అధ్యాయాలకు అధ్యాయాలు రాశాను. అలాంటిదాన్ని, నా చరిత్ర చెప్పమని నన్నే అడిగిన మొదటి కాగితం మీద అబద్ధం రాశాను. ఆ అబద్ధం ఎందుకు రాశానో అర్థం చేసుకోవడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. అర్థం చేసుకునే క్రమంలో, ఒకప్పుడు సిద్ధాంత గ్రంథం కోసం చదివిన ఇద్దరు వియన్నా అమ్మాయిల కథలు మళ్ళీ తీసి చదివాను. ఈ వ్యాసం వాళ్ళ గురించి, మా మేనత్త గురించి, కొంత నా గురించి కూడా.

ముందు నా సంగతి చెప్పేస్తాను. మా నాన్నకు కాన్సరని తెలిసిన దగ్గర్నుంచి ఆయన పోయేదాకా 14 నెలలు ఆయన దగ్గర ఉన్నది నేనే. తెల్లవారుజామున మూడింటికి ఒక నొప్పి మాత్ర వెయ్యాలి. ఆయన పోయాక కూడా నాకు సరిగ్గా మూడింటికి మెలకువ వచ్చేది. ఆ తర్వాత నిద్ర ఉండేది కాదు. పుస్తకం తెరిస్తే ఒక పేరా దాటేది కాదు. ఒకరోజు క్లాసులో పాఠం చెబుతూ వాక్యం మధ్యలో ఆగిపోయి, ఆ వాక్యం ఎటు పోవాలో తెలియక, పిల్లల మొహాలు చూస్తూ నిలబడిపోయాను. తోటి అధ్యాపకురాలు ఒకామె స్టాఫ్ రూములో పక్కకు పిలిచి, ఎవరికైనా చూపించుకోరాదా అంది. "నాకేమన్నా పిచ్చా?" అన్నాను. పిచ్చి అన్న మాటను ఆడవాళ్ళ మీద ఎలా ప్రయోగిస్తారో ఏటా ఎం.ఏ. పిల్లలకు పాఠం చెప్పే మనిషి నోటి నుంచి వచ్చిన మాట అది!

చివరికి వెళ్ళాను. రెండుసార్లు ఆ వీధి దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాక, మూడోసారి.

పేరు పెట్టింది రోగే

డాక్టర్లు మన వివరాలు రాసుకోవడాన్ని 'హిస్టరీ తీసుకోవడం' అంటారు. ఎవరి చరిత్ర ఎవరు రాస్తారు, ఏది ఉంచుతారు, ఏది తీసేస్తారు అన్న ప్రశ్న స్త్రీవాదులకు కొత్తది కాదు. మాటలతో చేసే ఈ వైద్యం చరిత్రలో మొట్టమొదటి కేసు హిస్టరీనే ఆ ప్రశ్నతో మొదలవుతుంది.

బెర్తా పాపెన్‌హైమ్ 1859లో వియన్నాలో ఒక సంపన్న, సనాతన యూదు కుటుంబంలో పుట్టింది. చురుకైన పిల్ల. చదువు 16వ ఏట ఆపేశారు. ఆమె తమ్ముడు విల్‌హెల్మ్ మాత్రం విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. ఈమెకు మిగిలినవి కుట్లు, అల్లికలు, పెళ్ళి కోసం ఎదురుచూపు. ఆ పనులు చేతులతో చేస్తూనే మనసులో కథలు అల్లుకునేది. తన 'సొంత నాటకశాల' అని దానికి పేరు పెట్టుకుంది. పక్కవాళ్ళకు మాత్రం బుద్ధిగా పని చేసుకుంటున్నట్టే కనిపించేది.

1880 వేసవిలో తండ్రికి జబ్బు చేసింది. రాత్రిళ్ళు మంచం పక్కన కూర్చుని సేవ చేసింది ఆమే. ఆ నెలల్లోనే ఆమెకు దగ్గు మొదలైంది, చేతులు కాళ్ళు పట్టేశాయి, చూపు దెబ్బతింది, మాట పోయింది. అప్పటి వైద్యుల దగ్గర ఇలాంటి ఆడవాళ్ళందరికీ ఒకే పేరుండేది: హిస్టీరియా. గర్భసంచికి గ్రీకు భాషలో ఉన్న మాట నుంచి వచ్చిన పేరు. 1880 చివరి నుంచి జోసెఫ్ బ్రాయర్ అనే వైద్యుడు ఆమెకు చికిత్స చేశాడు. 1881 ఏప్రిల్‌లో తండ్రి చనిపోయాక జబ్బు ముదిరింది.

బ్రాయర్ చేసిన మంచి పని ఒకటుంది. సాయంత్రాలు వచ్చి కూర్చుని ఆమె చెప్పింది విన్నాడు. ఒక ఎండాకాలంలో ఆరు వారాలపాటు ఆమె గ్లాసుతో నీళ్ళు తాగలేకపోయింది. దాహానికి పండ్లు తినేది. ఒక సాయంత్రం చెబుతూ చెబుతూ, తనకు తోడుగా ఉండే స్త్రీ పెంచుకునే కుక్క గ్లాసులో నీళ్ళు తాగడం చూశాననీ, అసహ్యం వేసినా మర్యాద కోసం ఏమీ అనలేదనీ చెప్పింది. ఆనాడు మింగేసిన కోపాన్నంతా కక్కేశాక నీళ్ళు అడిగి తాగింది. అలా ఒక్కొక్క లక్షణాన్నీ అది మొదలైన చోటు దాకా వెనక్కి చెప్పుకుంటూ పోయింది. ఈ పద్ధతికి 'మాటల వైద్యం' అని పేరు పెట్టింది బ్రాయర్ కాదు, ఫ్రాయిడ్ కాదు, బెర్తా. సరదాగా ఉన్నప్పుడు 'పొగగొట్టం మసి దులపడం' అనేది. ఈ శాస్త్రం ఎవరు కనిపెట్టారని అడిగితే మనం మగ డాక్టర్ల పేర్లు చెబుతాం. 21 ఏళ్ళ రోగి తన అవసరం కొద్దీ దాన్ని కనిపెట్టుకుని, పేరు కూడా తానే పెట్టుకుంది.

1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి హిస్టీరియా మీద పుస్తకం వేశారు. అందులో బెర్తా పేరు 'ఆనా ఓ.' ఆమె పేరులోని పొడి అక్షరాలు బి., పి. వాటికి వర్ణమాలలో ముందుండే అక్షరాలు ఎ., ఓ. అంత తేలిగ్గా కప్పారు. కోలుకోవడానికి కొంతకాలం పట్టిందని ఒక్క మాటతో తేల్చేసి, అప్పటి నుంచి ఆమె పూర్తి ఆరోగ్యంగా ఉందని ముగించారు. 1972లో చరిత్రకారుడు హెన్రి ఎలెన్‌బర్గర్ పాత కాగితాలు బయటపెట్టేదాకా ఆ ముగింపు చెల్లుబాటైంది. బ్రాయర్ వైద్యం ఆగిన వెంటనే, 1882 జూలైలో, బెర్తాను స్విట్జర్లాండ్‌లోని బెల్‌వ్యూ శానటోరియంలో చేర్చారు. అప్పటికి ఆమెకు మార్ఫిన్ అలవాటై ఉంది. తర్వాత కొన్నేళ్ళు శానటోరియాలకూ ఇంటికీ మధ్య తిరిగింది. మాటల వైద్యం తొలి విజయగాథలో విజయం కొంత సంపాదకుల చేతి వాటం.

అయితే ఆమె కథ అక్కడ ఆగలేదు. 1888లో తల్లితో ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళింది. అనాథ బాలికల గృహంలో పనిచేసింది. 1899లో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ స్త్రీల హక్కుల గ్రంథాన్ని జర్మన్‌లోకి అనువదించింది. అదే ఏడు మగ మారుపేరుతో 'స్త్రీల హక్కు' అనే నాటకం రాసింది. 1904లో జర్మనీలో యూదు స్త్రీల సమాఖ్యను స్థాపించింది. ఆడపిల్లల అక్రమ రవాణాకు వ్యతిరేకంగా దేశాలు తిరిగి పనిచేసింది. 1907లో నోయ్-ఇజెన్‌బర్గ్‌లో పెళ్ళికాని తల్లులకూ, ఆపదలో ఉన్న అమ్మాయిలకూ ఇల్లు పెట్టింది. 1936లో చనిపోయింది. రెండేళ్ళకే నాజీలు ఆ ఇంటిని తగలబెట్టారు. ఆమే 'ఆనా ఓ.' అని 1953లో ఫ్రాయిడ్ జీవితచరిత్రకారుడు ఎర్నెస్ట్ జోన్స్ లోకానికి చెప్పేశాడు. ఆమె అనుమతి అడగడానికి ఆమె లేదు. తన జబ్బు గురించి, వైద్యం గురించి బెర్తా బహిరంగంగా ఏమీ రాయలేదు. అంత రాసిన మనిషి, అది మాత్రం రాయలేదు.

ఆమెను నయం చేసింది బ్రాయర్ చెవులా, ఆ తర్వాత దొరికిన పనీ, తోటి స్త్రీలూనా? విద్యార్థిగా ఉన్నప్పుడు నేను రెండోదే అని గట్టిగా వాదించాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. మొదట ఒకరు కూర్చుని వినకపోతే, ఆ తర్వాతి మాటలకు గొంతు వచ్చేదా అని అనుమానం.

పోయిన భాష

బెర్తా కేసులో ఒక వివరం నన్ను వదల్లేదు. జబ్బు ముదిరిన రోజుల్లో ఆమె మాతృభాష జర్మన్ మాట్లాడటం మానేసింది. ఇంగ్లీషులో మాత్రమే మాట్లాడేది. ఫ్రెంచి, ఇటాలియన్ పుస్తకం చేతికిస్తే దాన్ని కూడా గడగడా ఇంగ్లీషులోనే చదివేది.

నేను ఆ గదిలో మూడు వారాలు ఇంగ్లీషులోనే మాట్లాడాను. ఎదురుగా కూర్చున్న క్లినికల్ సైకాలజిస్టు నాకంటే పదిహేనేళ్ళు పెద్దావిడ, తెలుగావిడే. నేను గ్రీఫ్ అన్నాను, గిల్ట్ అన్నాను, కేర్‌గివర్ బర్నవుట్ అన్నాను. సెమినార్ పత్రం చదువుతున్నట్టు నా బాధకు నేనే ఉపోద్ఘాతం, వ్యాఖ్యానం చెప్పుకున్నాను. ఆవిడ అడ్డుకోలేదు. నాలుగో వారం మెల్లగా, "ఇంట్లో మీ నాన్నగారితో ఏ భాషలో దెబ్బలాడేవారు?" అని అడిగారు.

తెలుగులో అని చెప్పి ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం చాలాసేపు సాగింది. తర్వాత "ఆయన మీద నాకు ఉక్రోషంగా ఉందండీ" అన్నాను. ఉక్రోషానికి ఇంగ్లీషు లేదు. కోపం తీర్చుకునే దారి లేక కన్నీళ్ళుగా మారేది ఉక్రోషం. చిన్నపిల్లలకూ ఆడవాళ్ళకూ ఎక్కువగా వాడతాం, గమనించండి. కోపం తెచ్చుకునే అధికారం లేనివాళ్ళకు మన భాష ఇచ్చిన మాట అది. 14 నెలలు సేవ చేసిన తండ్రి మీద, చచ్చిపోయిన మనిషి మీద ఉక్రోషం ఏమిటని నాకే సిగ్గేసింది. ఎందుకో ఆ రోజు చెప్పలేదు. ఇంటికొచ్చాక రెండు రోజులు ఇంకా అధ్వాన్నంగా ఉన్నాను. ఇది తప్పుడు పని, ఇక వెళ్ళను అనుకున్నాను.

వెళ్ళిపోయిన అమ్మాయి

ఇక వెళ్ళనని నిజంగానే వెళ్ళిపోయిన అమ్మాయి ఒకామె ఉంది. పేరు ఇడా బావర్. 1882లో పుట్టింది. 1900 అక్టోబరులో ఆమెను ఫ్రాయిడ్ దగ్గరికి తీసుకొచ్చింది తండ్రి. దగ్గు, గొంతు పోవడం, నిస్పృహ. ఆమె చెప్పిన సంగతి ఇది: తండ్రి స్నేహితుడు ఒకడు తన చిన్నతనంలోనే బలవంతంగా ముద్దు పెట్టుకున్నాడు, తర్వాత ఒక సరస్సు దగ్గర మళ్ళీ ప్రయత్నిస్తే చెంపదెబ్బ కొట్టింది. ఇంట్లో చెబితే తండ్రి నమ్మలేదు, పిల్ల ఊహించుకుంటోందన్నాడు. ఆ స్నేహితుడి భార్యతో తండ్రికి సంబంధం ఉంది. ఆ సంబంధం నిరాటంకంగా సాగడానికి తనను ఎర వేస్తున్నారని ఇడాకు తెలుసు.

ఫ్రాయిడ్ ఆమె చెప్పింది జరిగిందని నమ్మాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆ ముద్దుకు ఆమెకు అసహ్యం వేయడమే జబ్బుకు రుజువన్నాడు. లోలోపల ఆమె అతన్ని ప్రేమిస్తోందన్నాడు. ఆమె కాదంటే, ఆ కాదనడంలో కూడా అవుననే అర్థం వెతికాడు. 11 వారాలకు, 1900 డిసెంబరు 31న ఆమె, ఇదే చివరిసారి అని చెప్పింది. ఎప్పుడు నిర్ణయించుకున్నావని అడిగితే రెండు వారాల కిందట అంది. పని మానేసే ఆయాలు కదా ఇలా రెండు వారాల ముందు నోటీసు ఇస్తారు అన్నాడు ఫ్రాయిడ్. 1905లో ఈ కేసు అచ్చువేసినప్పుడు ఆమెకు 'డోరా' అని పేరు పెట్టాడు. ఆ పేరు ఎక్కడిదో ఆయనే మరోచోట రాశాడు: తన చెల్లెలి ఇంట్లో పిల్లల్ని చూసుకునే ఆయాది. ఆ ఆయా అసలు పేరు రోజా. యజమానురాలి పేరూ అదే కావడంతో, ఆమె తన పేరు వదులుకుని డోరా అయింది. సొంత పేరు కూడా నిలుపుకోలేని పనిమనిషి పేరును, తన చేతిలోంచి జారిపోయిన రోగికి తగిలించాడాయన.

1902లో ఇడా ఒకసారి తిరిగొచ్చి ఫ్రాయిడ్‌కు ఒక కబురు చెప్పింది. తాను ఆ దంపతుల ఇంటికి వెళ్ళి నిలదీశాననీ, సరస్సు దగ్గర జరిగిందాన్ని ఆ పెద్దమనిషి చేత ఒప్పించాననీ. ఆమె వైద్యుణ్ణి కోరింది కూడా అదేనని నాకు అనిపిస్తుంది. జరిగింది జరిగిందని ఒకరు గట్టిగా అనడం. 1976లో ఎలెన్ సీక్సూ ఈ కథనే నాటకంగా మలిచింది. ఇడా నడిచి వెళ్ళిపోవడాన్ని ఓటమిగా కాక ధిక్కారంగా చూడటం స్త్రీవాదులకు అప్పటి నుంచి అలవాటైంది.

1972లో ఫిలిస్ చెస్లర్ 'స్త్రీలూ పిచ్చీ' మీద రాసిన పుస్తకం, వైద్యుల కుర్చీల్లో మగవాళ్ళు, రోగుల కుర్చీల్లో ఆడవాళ్ళు ఉన్న ఏర్పాటును ఎండగట్టింది. 1992లో జూడిత్ హర్మన్ ఇంకొక మాట జోడించింది. ఫ్రాయిడ్ 1896లో తన రోగుల జబ్బుల వెనక చిన్ననాటి లైంగిక హింస ఉందని ప్రకటించి, ఏడాది తిరిగేసరికి ఆ అభిప్రాయం వదులుకున్నాడు. స్త్రీల ఉద్యమం బలంగా ఉన్నప్పుడే ఇలాంటి నిజాలను సమాజం వినగలుగుతుంది, ఉద్యమం సన్నగిల్లితే మళ్ళీ మరిచిపోతుంది అంటుంది హర్మన్. ఒక గదిలో ఇద్దరు మనుషులు మాట్లాడుకునేది ఆ గది బయట ఏం జరుగుతోందన్న దాన్ని బట్టి ఉంటుందని దీని అర్థం.

సంతకం

ఇప్పుడు ఆ పదకొండో ప్రశ్న.

మా మేనత్తకు 1997లో బిడ్డ పుట్టాక నిద్ర పోయింది. తనలో తాను మాట్లాడుకునేది. బిడ్డకు పాలివ్వడానికి భయపడేది. ఇప్పుడైతే అది ప్రసవం తర్వాత కొందరికి వచ్చే జబ్బనీ, సకాలంలో చూపిస్తే తగ్గుతుందనీ ఎవరో ఒకరు చెప్పేవారేమో. అప్పుడు గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు. తర్వాత అత్తింటివాళ్ళు బిడ్డను ఉంచుకుని ఆమెను మా ఇంటికి పంపేశారు. పెద్దమనుషులు కూర్చున్నారు. ఒక ఊళ్ళో ఆస్పత్రిలో చేర్పించారు. అప్పుడు అమలులో ఉన్న 1987 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం బంధువు దరఖాస్తు మీద, ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్లతో, మనిషి ఇష్టంతో పనిలేకుండా 90 రోజుల దాకా ఉంచవచ్చు. దరఖాస్తు మీద సంతకం మా నాన్నది. చెల్లెలికి మంచి చేస్తున్నాననే అనుకున్నాడు. ఆమె షాకులు తిని, సగం మనిషై తిరిగొచ్చింది. ఆ కాగితాలనే చూపించి అత్తింటివాళ్ళు విడాకుల కేసు వేశారు.

హిందూ వివాహ చట్టంలో మతిస్థిమితం లేకపోవడం విడాకులకు ఒక కారణం. ఏదో ఒక జబ్బు పేరు తగిలించినంత మాత్రాన చాలదనీ, కలిసి బతకడం అసాధ్యమయ్యేంత తీవ్రత ఉందో లేదో చూడాలనీ సుప్రీంకోర్టు 1988లోనే, రామ్‌నారాయణ్ గుప్తా కేసులో చెప్పింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. కోర్టు దాకా వాదించే ఓపిక కూడా లేదు. నాన్న ఇంకో సంతకం పెట్టాడు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అత్త గురించి బయట ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో అమ్మ నేర్పింది. 'కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది' అనేది. కాళ్ళ మీద పడేది నా పెళ్ళి సంబంధమని పెద్దయ్యాక అర్థమైంది. ఆ కాగితం మీద రెండో గడిలో టిక్కు పెట్టింది నేను కాదు, ఆ తొమ్మిదేళ్ళ పిల్ల. అది పెట్టించింది భయం. ఈ ఇంట్లో నోరు తెరిచిన ఆడదాన్ని ఏం చేశారో అది చూసింది.

నాన్న చివరి నెలలో, ఒక తెల్లవారుజామున మాత్ర మింగాక, "ఆ సంతకం పెట్టకుండా ఉండాల్సిందే" అన్నాడు. నాకు అర్థమైంది. అర్థం కానట్టు నీళ్ళ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. నన్ను మూడింటికి లేపుతున్నది మాత్ర అలవాటు కాదు, ఆ ఒక్క మాట. వినమని ఒక మనిషి అడిగితే నేను లేచి వెళ్ళిపోయాను. ఇది చెప్పడానికి నాకు తొమ్మిది వారాలు పట్టింది. చెప్పాక ఆవిడ, నాన్నగారిని క్షమించండనీ అనలేదు, మీ తప్పేం లేదనీ అనలేదు. "ఆ కాగితం మళ్ళీ నింపుదామా?" అన్నారు.

మనవాళ్ళు విన్న కథలు

మాటల వైద్యం మన దేశానికి ఆలస్యంగా ఏమీ రాలేదు. గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే కలకత్తాలో మనోవిశ్లేషణ సంఘం పెట్టాడు. కానీ అది కొద్దిమందికే దక్కింది. ఎక్కువమంది ఆడవాళ్ళకు దక్కినవి పూనకం, తాయెత్తు, షాకులు, లేదంటే గోడ. ఏ.కె. రామానుజన్ సేకరించిన తమిళ జానపద కథ ఒకటుంది. కోడళ్ళూ కొడుకులూ పెట్టే బాధలు ఎవరికీ చెప్పుకోలేక ఒళ్ళు ఊరిపోయిన ముసలావిడ, ఒక పాడుపడ్డ ఇంట్లో నాలుగు గోడలకూ తన గోడు చెప్పుకుంటుంది. ఒక్కో గోడా కూలిపోతుంది, ఆమె ఒళ్ళు తేలికవుతుంది. మనకు వినేవాళ్ళు గోడలే.

తెలుగులో ఆ గోడల స్థానంలో మనుషులు కూర్చున్న సందర్భం ఒకటి నాకు గుర్తొస్తుంది. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి టేప్ రికార్డర్లు తీసుకుని వెళ్ళారు. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వచ్చింది. అది చికిత్స కాదు. అయినా దళంలో ఉండి కన్నబిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ ఆ సంగతి చెబుతున్నప్పుడు, ఎదుట కూర్చున్నవాళ్ళు తీర్పు చెప్పలేదు, తొందరపెట్టలేదు, ఆమె మాటను ఆమె మాటగానే అచ్చువేశారు. బ్రాయర్, ఫ్రాయిడ్ తమ రోగుల పేర్లు మార్చి, ముగింపులు దిద్దారు. ఇక్కడ స్త్రీలు తమ పేర్లతో నిలబడ్డారు. పాఠం చెప్పేటప్పుడు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టాలని నాకు ఇప్పుడు తోస్తోంది.

మానసిక ఆరోగ్యం స్త్రీవాద సమస్యే అని మన దేశంలో గట్టిగా చెప్పిన భార్గవి దావర్‌ను కూడా తలుచుకోవాలి. చిన్నతనంలో తల్లితోపాటు ఆ ఆస్పత్రుల లోపలి మొహం చూసిన మనిషి. 1999లో పూణేలో తల్లి పేరిట బాపూ ట్రస్టు ప్రారంభించి, బలవంతపు వైద్యానికి వ్యతిరేకంగా 2024లో చనిపోయేదాకా పనిచేసింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు ఇవ్వకుండా షాకులు పెట్టడాన్ని నిషేధించింది. తనకు ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో ముందుగానే రాసిపెట్టుకునే హక్కు ఇచ్చింది. వివరాలు గోప్యంగా ఉండే హక్కు, తన వైద్య రికార్డులు తాను చూసుకునే హక్కు ఇచ్చింది. బెర్తాకు, ఇడాకు, మా అత్తకు లేని హక్కులు. చట్టంలో ఉన్నవన్నీ ఆస్పత్రి గుమ్మం దాటి లోపలికి వస్తాయని కాదు. కానీ అడగడానికి ఒక ఆధారం.

వెళ్ళబోయేవాళ్ళకు

ఈ మధ్య ఇద్దరు ముగ్గురు స్నేహితులు గొంతు తగ్గించి, అక్కడ ఏం చేస్తారని నన్ను అడిగారు. వాళ్ళకు చెప్పిందే ఇక్కడా చెబుతాను.

మొదటి గంట, నిజానికి 45, 50 నిమిషాలు, ఎక్కువగా ప్రశ్నలే. నిద్ర, ఆకలి, ఇంట్లో ఎవరెవరు, ఇదివరకు వాడిన మందులు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడుగుతారు. ఉలిక్కిపడకండి, అందరినీ అడుగుతారు. చెప్పింది బయటికి పోతుందా అని మీరు కూడా సూటిగా అడగండి. పోదు, కానీ మీ ప్రాణానికో ఇంకొకరికో ప్రమాదం ఉన్నప్పుడు, కోర్టు అడిగినప్పుడు మినహాయింపులున్నాయి. వాటిని మొదటిరోజే వివరించని మనిషి దగ్గర జాగ్రత్తగా ఉండండి. మందులు రాసేది సైకియాట్రిస్టు. క్లినికల్ సైకాలజిస్టుకు పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి, అడిగి చూడొచ్చు. సలహా చెబుతారని వెళితే నిరాశ పడతారు. మొదటి కొన్ని వారాలు బాధ పెరిగినట్టు కూడా ఉండొచ్చు. ఆ మాట కూడా అక్కడే చెప్పండి. మీ కులం గురించి, మీ ఇంటి హింస గురించి చెబుతుంటే ఆ మనిషి దాన్ని మీ ఊహగా కొట్టిపారేస్తే, ఇడాలాగా లేచి వచ్చేయండి. వేరొకరి దగ్గరికి వెళ్ళండి. వెళ్ళడం మాత్రం మానకండి.

ఇంకొకటి. వారానికొక గంట కొనుక్కునే జీతం నాకుంది. మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడకు లేదు, ఆమెకూ రాత్రిళ్ళు నిద్ర లేదు. 2022 అక్టోబరు నుంచి 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చని ఆమెకు చెప్పాను. "మాట్లాడటానికి ఇంట్లో చోటేది అమ్మా?" అంది. ఒకే గది ఇల్లు. దానికి నా దగ్గర జవాబు లేదు. మధ్యాహ్నం మా ఇంట్లో కూర్చుని మాట్లాడమన్నాను. ఇంకా మాట్లాడలేదు.

ఈ వ్యాసం రాశాక పంపేముందు ఊరెళ్ళాను. అత్త ఇప్పుడు మా పాత ఇంట్లో రెండు గదుల్లో ఉంటుంది. ఊళ్ళోవాళ్ళకు జాకెట్లు కుడుతుంది. నీ గురించి రాశాను, వేసుకోనా అని అడిగాను. బెర్తాను ఎవరూ అడగలేదు కదా. తన భాగం చదివి వినిపించాను. మిషన్ ఆపి విన్నది. నాన్న చివర్లో అన్న మాట దగ్గర మళ్ళీ చదవమంది. చదివాను. కాసేపు సూది వైపు చూస్తూ కూర్చుంది.

"అన్నయ్య అట్లా అన్నాడా?"

"అన్నాడత్తా. నేనే నీకు చెప్పలేదు."

"ఇన్నాళ్ళకి అడిగావు గదే అమ్మడూ, ఎవరూ అడగలా" అంది. తర్వాత దారం కొరికి, "పేరు రాయకు. ఊరు రాయకు. షాకులు పెట్టేటప్పుడు నోట్లో గుడ్డ కుక్కేవాళ్ళు, అది రాయలేదు నువ్వు. అది రాయి" అంది.

రాశాను.